భుజానిది కాని భుజం నొప్పి

భుజం నొప్పికి మన దగ్గర వైద్యానికి కొదవ లేదు. ఇంట్లో ఉప్పు మూటతో కాపడం పెడతారు. పక్కింటాయన చూసి "నరం పట్టేసింది" అని తేల్చేస్తాడు. మెడికల్ షాపు అబ్బాయి అడక్కముందే రెండు నొప్పి బిళ్లలు, ఒక గ్యాస్ బిళ్ల కాగితంలో చుట్టి ఇస్తాడు. చాలామందికి దాంతోనే సర్దుకుంటుంది కూడా. ఎందుకంటే చాలా భుజం నొప్పులు నిజంగా భుజానివే. బస్తాలెత్తే హమాలీకి, సీలింగుకి రంగులేసే పెయింటరుకి, రోజంతా స్టీరింగ్ తిప్పే డ్రైవరుకి, బోర్డు మీద రాసే టీచరమ్మకి భుజం కీలు చుట్టూ ఉన్న కండరాలు అలిసి వాయడం కొత్తేమీ కాదు.

పేచీ అంతా మిగిలినవాటితోనే. భుజంలో ఏ లోపమూ లేకుండా, గుండె వల్లో, పిత్తాశయం వల్లో, మెడ వల్లో భుజం నొప్పెట్టడం ఉంది. పని చేసుకుని బతికేవాళ్లు ఈ సంగతి మరీ తెలుసుకోవాలి. పని చేసేవాడి నొప్పికి పనే కారణమని ఇంట్లోవాళ్లు నమ్ముతారు, మేస్త్రి నమ్ముతాడు, హడావుడిలో ఉంటే డాక్టరూ నమ్ముతాడు. "నిన్న పని ఎక్కువైంది కదా" అన్న మాట ఎప్పుడూ నాలిక చివరే ఉంటుంది. అది నిజం కావచ్చు, కాకపోవచ్చు. తేల్చుకోవాలంటే "ఎక్కడ నొప్పి" అనే ప్రశ్న ఒక్కటే చాలదు. "ఏం చేస్తే పెరుగుతోంది, ఏం చేస్తే తగ్గుతోంది" అని అడగాలి.

ముందు ఒక హెచ్చరిక. భుజం నొప్పితో పాటు ఛాతీ బరువు, చల్లటి చెమట, ఆయాసం, కళ్లు తిరగడం, వాంతి వచ్చేట్టు ఉండటం వీటిలో ఏదున్నా కింది పరీక్షలేవీ చేస్తూ కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి.

అవేవీ లేనప్పుడు, తీరిగ్గా కూర్చుని నొప్పి ఉన్న చేతిని కదిపి చూడండి. ముందు నుంచి పైకి ఎత్తండి, పక్క నుంచి ఎత్తండి. జడ వేసుకుంటున్నట్టు తల వెనక్కి, జాకెట్టు హుక్కు పెట్టుకుంటున్నట్టు నడుం వెనక్కి తీసుకెళ్లండి. ఎక్కడో ఒకచోట చురుక్కుమని పట్టేసినా, చెయ్యి ఆ పైకి వెళ్లనని మొరాయించినా, రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలితే మెలకువ వస్తున్నా తప్పు భుజానిదే అయ్యే అవకాశం ఎక్కువ. చెయ్యి ఎటు తిప్పినా హాయిగా తిరుగుతూ, నొప్పి మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంటే, పెరగకా తరగకా ఉంటే, అప్పుడు వేరేచోట వెతకాలి. ఇది తీర్పు కాదు, సూచన మాత్రమే. గుండెపోటు వచ్చినవాళ్లలో కూడా కొందరికి భుజం నొక్కితే నొప్పి ఉంటుంది. కాబట్టి ఈ పరీక్షతో "నాకు గుండె సమస్య లేదు" అని సర్టిఫికెట్ ఇచ్చుకోకూడదు. డాక్టరుకి చెప్పాల్సిన మొదటి వాక్యం మాత్రం దీనితో దొరుకుతుంది.

గుండెకూ పిత్తాశయానికీ భుజంతో ఏం చుట్టరికం? చుట్టరికం నరాలది. చర్మం మీద దోమ కుడితే ఎక్కడ కుట్టిందో మెదడుకు ఠక్కున తెలుస్తుంది. లోపలి అవయవాలకు అంత వివరమైన ఏర్పాటు లేదు. వాటి కబురు తెచ్చే నరాలూ, చెయ్యి నుంచీ భుజం నుంచీ వచ్చే నరాలూ వెన్నుపాములో ఒకే మెట్టు దగ్గర చేరతాయి. రెండు వాటాలకు ఒకటే కాలింగ్ బెల్ ఉన్న ఇంటి పరిస్థితి ఇది. ఎప్పుడూ చుట్టాలొచ్చేది ముందు వాటాకే కాబట్టి, బెల్ మోగితే మెదడు ఆ తలుపే తీస్తుంది. ఏ అవయవం జబ్బు చేస్తే చర్మం మీద ఏ మేర నొప్పి తేలుతుందో లండన్ వైద్యుడు హెన్రీ హెడ్ 1893లోనే పటాలు గీసి చూపించాడు. ఇప్పటికీ వైద్య విద్యార్థులు ఆయన పేరుతోనే ఆ మేరల్ని చదువుకుంటారు.

డయాఫ్రమ్ సంగతి మరీ చిత్రం. ఛాతీకీ పొట్టకూ నడుమ అడ్డంగా ఉండి మనతో ఊపిరి పీల్పించే కండరం ఇది. బిడ్డ తల్లి కడుపులో రూపు కట్టుకునే తొలి వారాల్లో ఇది మెడ దగ్గర మొదలవుతుంది. తర్వాత కిందికి దిగుతూ తన నరాన్ని కూడా వెంట లాక్కుపోతుంది. అందుకే పొట్ట పైన ఉన్న కండరానికి నరం మెడలో 3, 4, 5 నంబర్ల వేర్ల నుంచి వస్తుంది. భుజం మీది చర్మానికి స్పర్శనిచ్చే నరాలు వచ్చేదీ అక్కడి నుంచే. పొట్టలో రక్తం చేరి డయాఫ్రమ్‌కి తగిలినా, కాలేయం వాచి దాన్ని ఒరుసుకున్నా భుజం కొన నొప్పెడుతుంది. లాపరోస్కోపీ చేయించుకున్నవాళ్లకు ఇది అనుభవమే. పిత్తాశయం తీయడానికో, కుటుంబ నియంత్రణకో పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ పంపి ఆపరేషన్ చేస్తారు. మిగిలిన కాస్త గ్యాస్ డయాఫ్రమ్‌ని చికాకు పెడుతుంది. ఆపరేషన్ పొట్టకి, నొప్పి భుజానికి. ఒకటి రెండు రోజుల్లో, కొందరికి ఇంకాస్త ఆలస్యంగా అదే పోతుంది. లేచి నాలుగడుగులు వేస్తుంటే త్వరగా తేలికవుతుంది. జ్వరం, వాంతులు, పొట్ట ఉబ్బరం తోడైతే మాత్రం ఆపరేషన్ చేసిన చోటికే తిరిగి వెళ్లాలి.

గుండె విషయానికి వస్తే లెక్క నిమిషాల్లో ఉంటుంది. సైటు మీద సిమెంటు బస్తా మోస్తూ మూడో అంతస్తు ఎక్కే మనిషిని తీసుకోండి. బస్తా 50 కిలోలు. ఎడమ భుజం బరువెక్కి లాగుతుంది. బస్తా దించి ఐదు నిమిషాలు కూర్చుంటే పోతుంది. బస్తా వల్లే అనుకుంటాడు, ఎవరైనా అంతే అనుకుంటారు. కానీ ఉత్త చేతులతో అవే మెట్లు ఎక్కినప్పుడు కూడా వచ్చిందా? అన్నం తిని బస్సు కోసం పరుగెత్తినప్పుడు వచ్చిందా? పరీక్ష కోసమని ఇప్పుడు మెట్లెక్కకండి. గడిచిన వారం పది రోజులు గుర్తు చేసుకుంటే చాలు. చేతులకు పనిలేకుండా కాళ్లకు పని పడినప్పుడు వచ్చి, ఆగితే నిమిషాల్లో తగ్గిపోయే భుజం నొప్పి గుండె రక్తనాళం ఇరుకైందనడానికి గట్టి సూచన. చెయ్యి ఎత్తితే పెరిగే నొప్పి, మెట్లెక్కితే పెరిగే నొప్పి రెండూ ఒకటి కావు. ఇలాంటిది కొత్తగా మొదలైతే ఆ వారంలోనే డాక్టరుకి చూపించుకోవాలి. ముందుకంటే తక్కువ శ్రమకే వస్తున్నా, కూర్చుని ఉండగా వచ్చినా ఆ రోజే వెళ్లాలి.

సినిమాల్లో గుండెపోటు అంటే ఎడమ ఛాతీ పట్టుకుని పడిపోవడం. బయట అంత సూటిగా ఉండదు. నొప్పి కుడి భుజంలో ఉండొచ్చు, వీపు మీద రెండు రెక్కల మధ్య ఉండొచ్చు, దవడలోనో గొంతులోనో ఉండొచ్చు. చెయ్యి లోపలివైపుగా చిటికెన వేలి దాకా పాకవచ్చు. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లకు నరాలు మొద్దుబారి ఛాతీ నొప్పి తెలియకపోవచ్చు. వాళ్లకు విపరీతమైన నీరసం, ఆయాసం, చెమట మాత్రమే పైకి కనిపిస్తాయి. ఆడవాళ్లలో వాంతి, వెన్ను నొప్పి, చెప్పుకోలేని అలసట ముందుండి ఛాతీ నొప్పి వెనకబడటం తరచుగా జరుగుతుంది. "గ్యాస్ అయ్యుంటుంది" అని ఈనో కలుపుకుని తాగి, డ్యూటీ కొనసాగించేవాళ్లు ఈ రెండు వర్గాల్లోనే ఎక్కువగా కనిపిస్తారు నాకు.

పావుగంట విశ్రాంతి తీసుకున్నా తగ్గని నొప్పి, పైన చెప్పిన హెచ్చరికల్లో ఏదైనా ఉన్న నొప్పి వస్తే ఆ షిఫ్టు అయిపోయేదాకా ఆగే పని లేదు. డ్రైవరైతే బండి పక్కకు తీసి ఆపాలి. "ఈ ట్రిప్పు దింపేసి వెళ్దాం" అనుకుంటే ప్రమాదం ఒక్కరికే కాదు, వెనక కూర్చున్నవాళ్లందరికీ. తనే బైకు నడుపుకుంటూ ఆసుపత్రికి వెళ్లడమూ తగదు. 108 వాళ్లు ఫోన్లో ఏం చేయమంటే అది చేయండి. ఇంట్లో నాన్నగారు గుండె నొప్పికి వాడే సార్బిట్రేట్ బిళ్ల ఉంది కదా అని నాలిక కింద పెట్టుకోకండి, బీపీ పడిపోయి పరిస్థితి విషమించవచ్చు. ఈసీజీ తీసే వసతి ఉన్న చోటికే వెళ్లాలి. అక్కడికి చేరిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది పద్ధతి. మొదటి ఈసీజీ మామూలుగా ఉందని ఇంటికి పంపేస్తుంటే, నొప్పి ఇంకా ఉంటే, మొహమాటపడకుండా ఒక మాట అడగండి: "ట్రోపోనిన్ రక్తపరీక్ష చేస్తారా? కాసేపాగి ఈసీజీ మళ్లీ తీస్తారా?" గుండెపోటు మొదలైన తొలి నిమిషాల్లో ఈ రెండూ మామూలుగా కనిపించవచ్చు. గంటల తేడాతో మళ్లీ చూస్తే బయటపడుతుంది. రక్తనాళంలో గడ్డ కరిగించే ఇంజెక్షనైనా, బెలూన్‌తో నాళం తెరవడమైనా తొలి గంటల్లో అందితేనే గుండె కండరం మిగులుతుంది.

ఇక పొట్ట. పెళ్లి భోజనమో బిర్యానీయో గట్టిగా తిని పడుకున్నారు. అర్ధరాత్రి కుడి డొక్క కింద పట్టేసి, నొప్పి కుడి రెక్క వెనక్కి పాకింది. అరగంటో, నాలుగైదు గంటలో ఉండి, తెల్లారేసరికి పోయింది. రెండు వారాల తర్వాత మళ్లీ. మధ్యలో ఏమీ లేదు. పగలంతా చెయ్యి ఎటు తిప్పినా బాగానే ఉంది. ఇలా ఉంటే పిత్తాశయంలో రాళ్ల అనుమానం రావాలి. పొట్టకు అల్ట్రాసౌండ్ తీస్తే చాలావరకు తేలిపోతుంది. ఖర్చూ పెద్దగా ఉండదు. వీళ్లలో కొందరు ముందు మెడ ఎక్స్‌రే తీయించుకుని, కాలరు కట్టుకుని, ఆ తర్వాతెప్పుడో పొట్ట డాక్టరు దగ్గరికి వస్తారు. జ్వరం, చలి, కళ్లు పచ్చబడటం తోడైతే పిత్తవాహికలో రాయి అడ్డుపడి చీము పట్టిందేమో. అది అత్యవసరం.

కుడి భుజం నొప్పి, కుడి డొక్కలో బరువు, రోజుల తరబడి జ్వరం, దగ్గితే డొక్కలో పోటు. ఈ నాలుగూ కలిస్తే కాలేయంలో చీముగడ్డ ఉందేమో చూడాలి. కల్లు అలవాటున్నవాళ్లలో అమీబా వల్ల వచ్చే ఈ గడ్డ ఎక్కువని మన దేశపు వైద్యులకు బాగా తెలిసిన విషయమే. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడికి భుజం నొప్పంటే చెట్టు వల్లే అని అందరూ అనుకుంటారు. జ్వరం సంగతి ఆయనే చెప్పాలి, అడిగేదాకా ఆగకూడదు. మందులతో, అవసరమైతే సూదితో చీము తీయడంతో నయమయ్యే జబ్బు ఇది. గడ్డ పగిలాక వైద్యం కష్టమవుతుంది.

ఆడవాళ్ల విషయంలో ఇంకొకటి ఉంది. నెల తప్పింది, లేదా తప్పిందో లేదో తెలియదు. పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, కళ్లు తిరగడం, ఉన్నట్టుండి భుజం కొన పీకడం. గర్భసంచిలో కాకుండా నాళంలో గర్భం నిలిచి, అది చిట్లితే రక్తం పొట్టలో చేరి ఇలా జరుగుతుంది. ఆఫీసులో సిగ్గుపడి "భుజం నొప్పి, ఇంటికెళ్తాను" అని ఆటో ఎక్కి ఇంటికి పోకూడదు. పక్కన ఒక మనిషిని పెట్టుకుని నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి.

బైకు మీద తిరిగి డబ్బు సంపాదించేవాళ్లు, అంటే డెలివరీ కుర్రాళ్లు, మెడికల్ రెప్‌లు, కలెక్షన్ ఏజెంట్లు, దెబ్బ తగిలాక ఒక సంగతి గుర్తుంచుకోవాలి. బండి జారింది. హ్యాండిల్ ఎడమ డొక్కలో గుచ్చుకుంది. పైకి గాయం లేదు. లేచి దుమ్ము దులుపుకుని ఆర్డర్ ఇచ్చేసి వచ్చారు. కొన్ని గంటలకో, ఒక్కోసారి రోజుల తర్వాతో ఎడమ భుజం కొన నొప్పి మొదలైంది. పడ్డప్పుడు భుజం తగిలిందిలే అనుకుంటాం. అయితే ఎడమ డొక్క కింద ఉండే ప్లీహం చీలి, లోపల కొద్దికొద్దిగా రక్తం కారుతున్నా ఇలాగే ఉంటుంది. జర్మన్ సర్జన్ హాన్స్ కెహర్ పేరుతో ఈ లక్షణం వైద్య పుస్తకాల్లో ఉంది. పడుకుంటే ఎక్కువవుతుంది. మలేరియాతో ప్లీహం వాచి ఉన్నవాళ్లకు చిన్న దెబ్బకే చీలవచ్చు కాబట్టి ఏజెన్సీ ప్రాంతాల్లో ఇంకా జాగ్రత్త అవసరం. పొట్ట మీదా పక్కటెముకల మీదా దెబ్బ తగిలాక భుజం కొన నొప్పెడితే నొప్పి బిళ్ల వేసుకుని కప్పిపుచ్చవద్దు. "పడ్డాను, ఫలానా చోట తగిలింది" అని చెప్పి పొట్ట స్కానింగ్ చేయించుకోండి.

ఇంతసేపూ ప్రాణం మీదికి తెచ్చేవి చెప్పాను. రోజూ ఎక్కువమందికి ఎదురయ్యేది మాత్రం మెడ. మాదాపూర్‌లో కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయైనా, సిరిసిల్లలో మగ్గం మీద వంగే నేతన్నైనా, కుట్టుమిషను మీద తల వంచి గుడ్డ చూసే దర్జీ అయినా మెడకు ఒకటే శిక్ష. మెడపూసల మధ్య డిస్క్ ఉబ్బి, లేదా ఎముక పెరిగి నరం వేరుని నొక్కితే నొప్పి మెడలో తక్కువా, భుజంలో ఎక్కువా ఉండటం మామూలే. దీన్ని గుర్తుపట్టే గుర్తులు బాగానే ఉన్నాయి. తల పైకెత్తి నొప్పి ఉన్న వైపుకి తిప్పితే భుజంలోకి కరెంటు పాకినట్టు ఉంటుంది. ఆ చెయ్యి తీసి నెత్తిన పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, అసలైన భుజం నొప్పికి ఇది సరిగ్గా ఎదురు. తిమ్మిరి బొటనవేలి దాకా వస్తే మెడలో 6వ నరం, మధ్యవేలికైతే 7, చిటికెన వేలికైతే 8 అని డాక్టర్లు ఒక అంచనాకి వస్తారు.

మెడ నరం నొక్కుకున్న నొప్పి భరించలేనట్టు ఉన్నా, ఆపరేషన్ లేకుండానే వారాల్లో, కొన్ని నెలల్లో తగ్గేవాళ్లే ఎక్కువ. ఆ కాలంలో చేయాల్సింది మెడను బతకనివ్వడం. ల్యాప్‌టాప్‌ని నాలుగు పుస్తకాల మీద ఎత్తుగా పెట్టి, కీబోర్డు, మౌస్ విడిగా తెచ్చుకుంటే స్క్రీన్ పైఅంచు కంటి ఎత్తుకి వస్తుంది. ఎక్కువసేపు చూసే స్క్రీన్ ఎదురుగా ఉండాలి, పక్కన కాదు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి మాట్లాడటం, బైకు మీద వెళ్తూ హెల్మెట్‌లోకి దూర్చి మాట్లాడటం మానాలి. మొదటిది మెడకి చేటు, రెండోది ఒంటికంతటికీ. దర్జీలు మిషను బల్ల ఎత్తు పెంచుకుంటే తల వంగడం తగ్గుతుంది. మూడు పావుగంటలకొకసారి లేచి, భుజాలు వెనక్కి తిప్పి, నీళ్లు తాగి రావాలి. దీనికి మేనేజరు అనుమతి అక్కర్లేదు. కూర్చుని ఆవలించే పావుగంట కన్నా లేచి తిరిగొచ్చే రెండు నిమిషాలు పనికి తక్కువ నష్టం.

చేయకూడనిది ఒకటుంది. క్షవరం అయ్యాక తల మర్దన చేసి మెడను టక్కుమనిపించడం మన సెలూన్లలో ఉచిత సేవ. నరం నొక్కుకున్న మెడకు అది చేటు. మెడ గుండా మెదడుకు వెళ్లే రక్తనాళం లోపొర చిరిగి పక్షవాతం వచ్చిన కేసులు అరుదే అయినా ఉన్నాయి. "అన్నా, మెడ ఒద్దు" అని ముందే చెప్పేస్తే సరి. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, చేతిలోంచి గ్లాసు జారడం, నడకలో తూలడం, మూత్రం పట్టు తప్పడం కనిపిస్తే నొక్కుకుంటున్నది నరం కాదు, వెన్నుపాము. అప్పుడు వ్యాయామాలతో కాలయాపన చేయకుండా న్యూరో సర్జన్ దగ్గరికి వెళ్లాలి.

ఎమ్మారై గురించి నా అభిప్రాయం కాస్త పెడసరంగా ఉంటుంది. నలభై దాటిన మనిషి మెడకి ఎమ్మారై తీస్తే, నొప్పి లేకపోయినా, చాలాసార్లు ఏదో ఒక డిస్క్ ఉబ్బు కనబడుతుంది. తల నెరవడం ఎంత సహజమో ఇదీ అంతే. కాగితం మీద "5, 6 పూసల మధ్య డిస్క్ ఉబ్బింది" అని రాసి ఉంటే దొంగ దొరికాడనుకుని వెతకడం మానేస్తాం. రిపోర్టులో ఉన్న నరానికీ, మీ నొప్పి దారికీ పొత్తు కుదరాలి. కుదరకపోతే ఆ ఉబ్బు పాపం ఏ పాపమూ ఎరగదు.

ఇలా మెడ మీద నెట్టేసే వాటిలో దారుణమైనది ఊపిరితిత్తి పైకొనలో వచ్చే క్యాన్సర్. అమెరికన్ రేడియాలజిస్టు హెన్రీ పాంకోస్ట్ 1924లో దీని గురించి రాశాడు. దగ్గు ఉండకపోవచ్చు. భుజంలో మొదలై చెయ్యి లోపలివైపుగా ఉంగరం వేలికీ చిటికెన వేలికీ దిగే నొప్పి, పగలూ రాత్రీ తేడా లేకుండా, నెలల తరబడి ఉంటుంది. కొందరికి ఆ వైపు కనురెప్ప కాస్త వాలుతుంది, కంటిపాప చిన్నదవుతుంది, ముఖానికి చెమట పట్టదు. బీడీ, సిగరెట్ అలవాటుండి నాలుగైదు వారాల ఫిజియోథెరపీకి ఏమాత్రం లొంగని భుజం నొప్పి ఉంటే ఛాతీ ఎక్స్‌రే తీయించమనండి. ఎక్స్‌రేలో పక్కటెముకల చాటున కొన కనబడకపోవచ్చు, అనుమానం బలంగా ఉంటే సీటీ తీస్తారు.

అక్కి సంగతి క్లుప్తంగా. పొక్కులు లేవడానికి రెండు మూడు రోజుల ముందే భుజం మీద ఒక పట్టీ మేర మంట, చొక్కా తగిలినా ఓర్వలేని నొప్పి ఉంటుంది. పొక్కులు చూశాక ఊళ్లో అక్కి రాయించుకోవాలనుకుంటే రాయించుకోండి, ఎవరూ కాదనరు. కానీ వైరస్ మందు పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. ఆలస్యమైతే కొందరికి ఆ మంట నెలల తరబడి మిగిలిపోతుంది.

నొప్పి భుజంలోనే ఉండి, మూలం రక్తంలో ఉండే రకం ఒకటి మనవాళ్లలో తెగ కనిపిస్తుంది. భుజం బిగుసుకుపోవడం అది. చెయ్యి మీరు ఎత్తలేరు, ఇంకొకరు పట్టి ఎత్తబోయినా లేవదు. మామూలు జనంలో వందకు 2 నుంచి 5 మందికి వస్తే, షుగర్ ఉన్నవాళ్లలో 10 నుంచి 20 మందికి వస్తుంది. థైరాయిడ్ తేడా ఉన్నవాళ్లకూ ఎక్కువే. భుజం బిగుసుకుంటే ఆ వారమే షుగర్, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చూపించుకోండి. షుగర్ ఉందని మొదట ఇలాగే బయటపడేవాళ్లు కొందరుంటారు. కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ తీసుకుంటే కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది. డాక్టరుకి ముందే చెప్పి, ఆ రోజుల్లో రెండు మూడుసార్లు చూసుకోవాలి.

నొప్పి బిళ్లలు కూడా ఈ కథలో పాత్రధారులే. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వారాల తరబడి వేసుకుంటే కడుపులో పుండు పడవచ్చు. ఆ పుండు చిల్లు పడితే లోపలి ఆమ్లం, గాలి డయాఫ్రమ్ కిందికి చేరి భుజం కొన నొప్పెడుతుంది. పొట్ట ఉన్నట్టుండి చెక్కలా గట్టిపడుతుంది. భుజం నొప్పికని వేసుకున్న బిళ్ల చివరికి ఇంకో రకం భుజం నొప్పి తెచ్చిపెట్టిందన్నమాట. బీపీ, కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లు ఈ బిళ్లలు సొంతంగా కొని వేసుకోనేకూడదు.

వైద్యం ఖర్చు సంగతికి వస్తే, నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉండి ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) ఉన్నవాళ్లు చాలామంది దాన్ని వాడుకోవడం లేదు, ఇది నాకు మింగుడుపడని విషయం. జీతంలోంచి 0.75 శాతం కోసేస్తున్నారు, యజమాని 3.25 శాతం కడుతున్నాడు. డిస్పెన్సరీలో చూపించుకుంటే మందులతో పాటు, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపడమూ ఉంటుంది. పనికి వెళ్లలేని స్థితి అని డాక్టరు ధ్రువీకరిస్తే, ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులు చందా పడి ఉన్నవాళ్లకు ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. పనిలో దెబ్బ తగిలితే రోజుల లెక్కతో పని లేకుండా 90 శాతం వస్తుంది. అందుకే పడిన రోజే, నొప్పి లేకపోయినా, సూపర్‌వైజరుతో ప్రమాద రిజిస్టరులో రాయించాలి. ప్లీహం గాయం మూడో రోజున బయటపడితే ఆ ఒక్క వాక్యమే మీ వైపు సాక్ష్యం.

భుజం నొప్పికి నేరుగా ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లే అలవాటు మనది. చెయ్యి కదిపితే పెరిగే నొప్పికి అది సరైన దారే. కదిపినా మారని నొప్పికి ముందు జనరల్ ఫిజీషియన్‌ని కలవడం మేలు. రద్దీగా ఉండే ఓపీలో మీకు దొరికేది రెండు మూడు నిమిషాలు. అందులో "భుజం పీకేస్తోంది సార్" అని చెయ్యి చూపిస్తే మెడ ఎక్స్‌రే రాస్తారు. ముందు రోజు రాత్రే ఫోనులో నాలుగు ముక్కలు రాసి పెట్టుకోండి. ఎప్పటి నుంచి, ఏం చేస్తుంటే వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, చెయ్యి కదిపితే మారుతుందా, దానితో పాటు ఇంకేముంటుంది, షుగరు, బీపీ, పొగ అలవాటు, ఇప్పుడు వేసుకునే మందులు. రాసినది ఇలా ఉంటే చాలు: "కుడి రెక్క వెనక, రెండు నెలల నుంచి, రాత్రి భోజనమైన గంటకు వస్తుంది, రెండు గంటలుంటుంది, చెయ్యి ఎటు తిప్పినా తేడా లేదు, మొన్న ఒకసారి వాంతి అయింది, షుగర్ లేదు, డైక్లోఫెనాక్ వేసుకుంటే కాస్త తగ్గింది." ఇది చదవడానికి పావు నిమిషం చాలు, డాక్టరు చెయ్యి మెడ మీదికి కాదు, ముందు కుడి డొక్క మీదికి వెళుతుంది.